ఇంటి కంప్యూటర్‌కి బరువు కాని యాంటీవైరస్: ఎంచుకోవడం, కొలిచి చూసుకోవడం

మెమరీ చాలా తక్కువ వాడుతుందని గొప్పగా చెప్పుకునే యాంటీవైరస్ కూడా కంప్యూటర్‌ని నత్తనడక నడిపించగలదు. టాస్క్ మేనేజర్‌లో ఎంబీల అంకె చూసి ఎంచుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మీరు ఫైల్ తెరిచినా, కాపీ చేసినా, ప్రోగ్రామ్ మొదలెట్టినా, విండోస్ ఆ ఫైల్‌ని ప్రోగ్రామ్ చేతికి ఇచ్చేలోపు యాంటీవైరస్ తాలూకు ఫిల్టర్ డ్రైవర్ (ఫైళ్ల రాకపోకలని కనిపెట్టి చూసే చిన్న ప్రోగ్రామ్) మధ్యలో నిలబడి దాన్ని చూస్తుంది. అది 'సరే' అనేదాకా ప్రోగ్రామ్ ఆగి ఉండాల్సిందే. ఒక్కో ఫైల్ దగ్గర ఆగేది రెప్పపాటు కన్నా తక్కువే. కానీ ఒక పెద్ద ప్రోగ్రామ్ తెరుచుకోవాలంటే వందల ఫైళ్లు కదులుతాయి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడైతే వేలు. అసలు బరువంతా ఆ ఆగడంలోనే ఉంది. మెమరీ అంకెలో అది కనబడదు.

పైగా ఆ అంకె కూడా పూర్తిగా నిజం చెప్పదు. ఒక్కో యాంటీవైరస్‌కి వెనకాల నాలుగైదు ప్రాసెస్‌లు (టాస్క్ మేనేజర్‌లో విడివిడిగా కనబడే ప్రోగ్రామ్ ముక్కలు) నడుస్తాయి. ఒకటి మాత్రమే చూసి 'చాలా తేలిక' అనుకుంటే లెక్క తప్పుతుంది.

ముందు దోషి ఎవరో తేల్చండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే కాకుండా ఓ పదినిమిషాలు ఆగి, మామూలుగా మీరు చేసే పని చేస్తూ చూడండి. డిస్క్ అనే నిలువు వరుస మీద నొక్కితే ఎక్కువ వాడేవి పైకి వస్తాయి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ అక్కడ 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అనే పేరుతో ఉంటుంది. డిస్క్ 100 శాతం దగ్గర ఆగిపోయి, పైన అదే కనిపిస్తుంటే అనుమానం నిజమే. పైన విండోస్ అప్‌డేటో, వెతుకులాట కోసం ఫైళ్ల జాబితా కట్టే సెర్చ్ ఇండెక్సరో, క్లౌడ్ సింక్ ప్రోగ్రామో ఉంటే మాత్రం యాంటీవైరస్ మార్చి లాభం లేదు.

మెమరీ వరుస కూడా చూడండి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో బ్రౌజర్ పది ట్యాబ్‌లతో తెరిస్తే మెమరీ 90 శాతం దాటిపోవడం మామూలే. అప్పుడు విండోస్ ర్యామ్‌లో పట్టని సరుకుని డిస్క్ మీదకి తోసేస్తుంటుంది. ఆ డిస్క్ తిరిగే పాతరకం హార్డ్‌డిస్క్ అయితే ఇక చెప్పక్కర్లేదు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లని అది సెకనుకి దాదాపు వందసార్లకి మించి చదవలేదు, మామూలు ఎస్ఎస్‌డీ వేలసార్లు చదువుతుంది. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టడం వల్ల వచ్చే తేడా ఏ తేలిక యాంటీవైరస్ వల్లా రాదు. యాంటీవైరస్‌కి చందా కట్టే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్ యాంటీవైరస్ ఒకటి వస్తుంది. గడువు అయిపోయాక అది అప్‌డేట్లు తెచ్చుకోదు, రక్షణ సరిగా ఇవ్వదు, కానీ కదలకుండా కూర్చుంటుంది. కొన్నిసార్లు డిఫెండర్‌ని కూడా లేవనివ్వదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, కింద సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మేనేజ్ ప్రొవైడర్స్ నొక్కితే ప్రస్తుతం కాపలా కాస్తున్నది ఏదో పేరుతో సహా కనిపిస్తుంది. రియల్ టైమ్ కాపలా, అంటే ఫైల్ తెరిచినప్పుడల్లా అప్పటికప్పుడు చూసే కాపలా, కాసేవి రెండు ఉంటే ఒకటి ఈరోజే తీసేయండి. రెండు ఫిల్టర్లు ఒకే ఫైల్‌ని వరసగా పట్టుకుంటాయి, ఒకటి విప్పి చూస్తున్న తాత్కాలిక ఫైల్‌ని రెండోది మళ్లీ స్కాన్ చేస్తుంది. రక్షణ రెట్టింపు కాదు, ఆగడమే రెట్టింపవుతుంది.

డిఫెండర్‌ని సర్ది చూడండి

విండోస్ 10, 11 వాడేవాళ్లు ఇంకో ప్రోగ్రామ్ వెతికే ముందు ఉన్నదాన్ని సరిచేసుకోవడమే తెలివైన పని. డబ్బు అక్కర్లేదు, పాపప్ ప్రకటనలు లేవు, విండోస్ అప్‌డేట్‌తో పాటే అదీ అప్‌డేట్ అవుతుంది.

డిఫెండర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా పనివేళలో మొదలయ్యే స్కాన్‌దే. టాస్క్ షెడ్యూలర్ తెరిచి, లైబ్రరీలో మైక్రోసాఫ్ట్, దాని కింద విండోస్, దాని కింద విండోస్ డిఫెండర్ అనే ఫోల్డర్‌కి వెళ్లండి. 'విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్' మీద రెండుసార్లు నొక్కి, ట్రిగ్గర్స్‌లో కంప్యూటర్ ఆన్‌లో ఉండి మీరు వాడని వేళ ఒకటి పెట్టండి. వారానికి ఒకసారి చాలు. కండిషన్స్‌లో కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే మొదలవ్వాలనీ, మీరు మళ్లీ కూర్చోగానే ఆగాలనీ, ల్యాప్‌టాప్ అయితే కరెంటు మీద ఉన్నప్పుడే నడవాలనీ టిక్ పెట్టండి. అర్ధరాత్రి 2 గంటలకి పెట్టి, రోజూ రాత్రి 10కే కంప్యూటర్ ఆపేసేవాళ్లకి ఆ స్కాన్ వేళకి ఎప్పటికీ జరగదు. మీ అలవాటు చూసి పెట్టుకోండి.

రెండోది మినహాయింపులు. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి కిందకి జరిపితే ఎక్స్‌క్లూజన్స్ కనబడతాయి. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్) డిస్క్ ఫైళ్లు, ప్రోగ్రామింగ్ చేసేవాళ్ల బిల్డ్ ఫోల్డర్, ఫోటో ఎడిటర్ వాడే కాష్ లాంటివి ఇక్కడ చేర్చితే తేడా వెంటనే తెలుస్తుంది. ఎందుకంటే అవి క్షణక్షణం మారుతుంటాయి, మారినప్పుడల్లా మళ్లీ స్కాన్ అవుతాయి. డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, టెంప్, యాప్‌డేటా ఫోల్డర్లని మాత్రం ఎంత విసుగొచ్చినా చేర్చకండి. బయటినుంచి వచ్చే చెత్త ముందు దిగేది వాటిలోనే. పెన్‌డ్రైవ్‌కి విండోస్ ఇచ్చే డ్రైవ్ అక్షరాన్ని మినహాయించడం అంతకంటే ప్రమాదం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎక్స్‌క్లూజన్స్‌లో 'ప్రాసెస్' అని ఎంచుకుంటే ఆ ప్రోగ్రామ్ ఫైల్‌కి మినహాయింపు దొరకదు. ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్లన్నిటికీ దొరుకుతుంది. బ్రౌజర్‌ని ప్రాసెస్‌గా చేర్చితే, బ్రౌజర్ దించుకునే ప్రతిదాన్నీ డిఫెండర్ చూడకుండా వదిలేస్తుంది. నెట్ వేగంగా వస్తుందనే ఆశతో ఈ పని చేసేవాళ్లు ఉన్నారు. అది వీధి తలుపు తీసి పడుకోవడమే.

క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్ (అనుమానపు ఫైల్ గురించి మైక్రోసాఫ్ట్ సర్వర్‌ని అడిగేది), ట్యాంపర్ ప్రొటెక్షన్ (డిఫెండర్ అమరికల్ని వేరే ప్రోగ్రామ్ మార్చకుండా ఆపేది) రెండూ ఆన్‌లోనే ఉంచండి. వీటి బరువు నామమాత్రం. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద, అక్కర్లేని యాప్‌లని ఆపే మీట ఉంటుంది, అది కూడా ఆన్ చేయండి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు దొంగచాటుగా దిగే టూల్‌బార్లని అది ఆపుతుంది. కంప్యూటర్ మెల్లబడటానికి ఇలాంటివి కూడా కారణమే.

బయటి ప్రోగ్రామ్ కావాలంటే: పరీక్షలు చదివే పద్ధతి

సర్దినా భారంగానే ఉంటే, అప్పుడు వేరేవి చూడండి. 'టాప్ 10' జాబితాలు పక్కనపెట్టండి, వాటిలో చాలావరకు కమీషన్ కోసం రాసినవే. నమ్మదగినవి రెండు ప్రయోగశాలలు: ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్, జర్మనీలోని ఏవీ-టెస్ట్. రెండింటి ఫలితాలూ ఉచితంగానే చదవొచ్చు.

ఏవీ-టెస్ట్ మూడు విషయాలకి తలా 6 చొప్పున 18 పాయింట్లు వేస్తుంది: రక్షణ, వేగం, వాడుకలో ఇబ్బంది పెట్టకపోవడం. ఈ మూడోది అంటే మంచి ఫైల్‌ని వైరస్ అని అరవకుండా ఉండటం. చిక్కేమిటంటే చాలా ప్రోగ్రామ్‌లకి 17.5, 18 వచ్చేస్తాయి, కాబట్టి తేలికదనం తేల్చుకోవడానికి ఇది అంతగా పనికిరాదు. రక్షణ బాగోలేనివాటిని ఏరేయడానికి వాడుకోండి.

బరువు విషయంలో ఏవీ-కంపారటివ్స్ వాళ్ల పెర్ఫార్మెన్స్ టెస్ట్ మేలు. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఖరీదైన యంత్రం కాకుండా సాదాసీదా కంప్యూటర్ మీద చేస్తారు. ఫైల్ కాపీ, జిప్ కట్టడం విప్పడం, ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్, ప్రోగ్రామ్ తెరవడం, డౌన్‌లోడ్, బ్రౌజింగ్ విడివిడిగా కొలుస్తారు. చివర ఇంపాక్ట్ స్కోర్ అని ఒక అంకె ఇస్తారు, అది ఎంత తక్కువైతే అంత తేలిక. ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోకండి. మీరు చేసేదంతా బ్రౌజింగూ ఉత్తరాలు రాసుకోవడమే అయితే, కాపీ పరీక్షలో వెనకబడినా మీకు నష్టం లేదు. కొన్ని పరీక్షల్లో మొదటిసారి, ఆ తర్వాతిసారి అని రెండు ఫలితాలు ఉంటాయి. చూసేసిన ఫైల్‌ని గుర్తుపెట్టుకుని మళ్లీ చూడకుండా వదిలేసే ప్రోగ్రామ్ రెండోసారి బాగా వేగంగా కనిపిస్తుంది. ఇంట్లో రోజూ అవే ప్రోగ్రామ్‌లు తెరుస్తాం కాబట్టి మీకు కావలసింది రెండోదే.

మెకాఫీ, ఈసెట్, కాస్పర్‌స్కీ ఈ పరీక్షల్లో తరచుగా తేలికవాటి వరుసలో ఉంటాయి. అయినా పాత ఫలితం చూసి కొనకండి. ఒక్క పెద్ద అప్‌డేట్‌తో తేలికది బరువైపోవచ్చు. ఆఖరి మూడు ఫలితాలు పక్కపక్కన పెట్టుకుని, నిలకడగా ఉన్నదాన్ని తీసుకోండి. ఏ పేరుతో ఉన్న ఎడిషన్‌ని పరీక్షించారో కూడా చూడండి, ఉచిత ఎడిషన్‌కీ డబ్బు కట్టే ఎడిషన్‌కీ తేడా ఉండొచ్చు.

క్లౌడ్ మీద ఆధారపడే రకాలు మొదటి చూపులో ముచ్చటగా ఉంటాయి. వైరస్ జాబితాలో చాలాభాగం కంపెనీ సర్వర్‌లో ఉంచేసి, మీ దగ్గర చిన్న ముక్కే పెడతాయి. నెట్ ఉన్నంతసేపూ బాగుంటుంది. నెట్ లేనప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చితే పట్టుకునే శాతం పడిపోతుంది. ఏవీ-కంపారటివ్స్ మాల్‌వేర్ ప్రొటెక్షన్ టెస్ట్‌లో నెట్ లేకుండా పట్టుకున్న శాతం, నెట్‌తో పట్టుకున్న శాతం విడిగా ఇస్తారు. నలుగురి పెన్‌డ్రైవ్‌లూ తిరిగే కంప్యూటర్ అయితే రెండింటి మధ్య ఎడం తక్కువ ఉన్నదే తీసుకోండి.

మారేటప్పుడు పేర్ల వెనక ఎవరున్నారో తెలిసి ఉండాలి. ఏవీజీని అవాస్ట్ 2016లో కొన్నది, అప్పట్నుంచి రెండింటి ఇంజినూ ఒకటే. అది బరువుగా ఉందని ఇది వేసుకుంటే రంగు మారుతుందంతే. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థవి.

ఉచితం అనేదానికి వెల వేరే రకంగా ఉంటుంది. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా వాడకందారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మిందని తేల్చి, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. జంప్‌షాట్ 2020లోనే మూతపడింది. డబ్బు కట్టినా పూర్తి నిశ్చింత లేదు: నార్టన్ 360లో 2021లో క్రిప్టో మైనింగ్ సదుపాయం చేర్చారు. భద్రత కోసం కొన్న ప్రోగ్రామ్‌లో గ్రాఫిక్స్ కార్డుని అరగదీసే పని ఎందుకో వాళ్లకే తెలియాలి. అందుకే డబ్బు కట్టేటప్పుడు యాంటీవైరస్ అని మాత్రమే ఉండే చిన్న ఎడిషన్ తీసుకోండి. టోటల్, అల్టిమేట్, ప్రీమియం అనేవాటిలో అదనంగా వచ్చే వీపీఎన్, క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్ అన్నీ వెనకాల నడిచే ప్రాసెస్‌లే.

వేసుకునే ముందు, వేసుకున్నాక: కొలత

మనసుకి 'ఇప్పుడు బాగుంది' అనిపించడం కొలత కాదు. పాతది తీయకముందే మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది బూట్ సమయం. ఈవెంట్ వ్యూయర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ వరకూ వెళ్లండి. ఈవెంట్ ఐడీ 100 అని ఉన్నవాటిలో బూట్ డ్యూరేషన్ మిల్లీసెకన్లలో ఉంటుంది, 1000తో భాగిస్తే సెకన్లు. ఇందులో డెస్క్‌టాప్ వచ్చాక కంప్యూటర్ కుదుటపడే సమయం కూడా కలిసి ఉంటుంది. యాంటీవైరస్ బరువు ఎక్కువగా తెలిసేది ఆ రెండో భాగంలోనే. కొలిచేటప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేయొద్దు, రీస్టార్ట్ చేయండి. త్వరగా ఆన్ అవడానికి విండోస్ స్థితిని దాచిపెట్టుకునే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ తర్వాత వచ్చేది పూర్తి బూట్ కాదు.

రెండోది కాపీ. చిన్న ఫైళ్లు ఎక్కువగా ఉన్న, 1 నుంచి 2 జీబీ ఉండే ఫోల్డర్ ఒకటి ఎంచుకుని, అదే డిస్క్ మీద వేరేచోటికి కాపీ చేస్తూ ఫోన్ స్టాప్‌వాచ్‌తో సమయం చూడండి. ఒక్క పెద్ద సినిమా ఫైల్‌తో చేస్తే తేడా బయటపడదు, ఆగడం ఫైళ్ల సంఖ్యని బట్టి ఉంటుంది కానీ సైజుని బట్టి కాదు. మూడోది, మీరు రోజూ తెరిచే బరువైన ప్రోగ్రామ్ తెరుచుకునే సమయం. ఒక్కోటి మూడుసార్లు చేసి మధ్య అంకె రాసుకోండి.

తర్వాత పాతది కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసి రీస్టార్ట్ చేయండి. మామూలుగా తీసేసినా డ్రైవర్ ముక్కలు మిగిలిపోవడం యాంటీవైరస్‌లకి అలవాటు. కొత్తది వేశాక నీలి తెర రావడానికీ, నెట్ ఆగిపోవడానికీ సాధారణంగా ఇదే కారణం. అవాస్ట్, మెకాఫీ, నార్టన్, ఈసెట్ లాంటి సంస్థలు తమ ప్రోగ్రామ్‌ని పూర్తిగా తుడిచే చిన్న పనిముట్టు ఉచితంగా ఇస్తాయి. దాన్ని ముందే దించి పెట్టుకుని, మామూలు పద్ధతి సరిపోకపోతే సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ తెరుచుకునే పద్ధతిలో) నడపండి.

కొత్తదాన్ని తయారుచేసిన సంస్థ సైట్ నుంచే దించండి. ఇన్‌స్టాల్‌లో కస్టమ్ అనే దారి ఉంటే అందులోకి వెళ్లి, ఫైల్ షీల్డ్ (ఫైళ్లని చూసేది), బిహేవియర్ షీల్డ్ (ప్రోగ్రామ్‌ల ప్రవర్తనని చూసేది), వెబ్ షీల్డ్ (నెట్ నుంచి వచ్చేదాన్ని చూసేది) తప్ప మిగిలినవి వదిలేయండి. బ్రౌజర్, షాపింగ్ ఎక్స్‌టెన్షన్ ఇస్తామంటే వద్దనండి. మొదటి రోజు తీర్పు చెప్పొద్దు. వేసిన వెంటనే అది డిస్క్ మొత్తం ఒకసారి చూసి గుర్తులు రాసుకుంటుంది, అది అయ్యేదాకా ఏదైనా బరువే. పూర్తి స్కాన్ ఒకటి కానిచ్చి, రెండుమూడు రోజులు వాడాక అవే మూడు కొలతలు తీయండి. కాపీ కాస్త పెరిగినా పర్వాలేదు, రోజూ తెరిచే ప్రోగ్రామ్ రెండోసారి కూడా గతంకన్నా ఆలస్యంగా తెరుచుకుంటే అది మీ యంత్రానికి సరిపడదు.

బ్రౌజింగ్ మాత్రమే మందగిస్తే, హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అనే అమరిక ఉందేమో చూడండి. దానికోసం యాంటీవైరస్ తన సొంత సర్టిఫికెట్‌ని (సైట్ అసలైనదే అని బ్రౌజర్ నమ్మే గుర్తింపు పత్రాన్ని) విండోస్‌లో పెట్టి, బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య రహస్య సంభాషణని విప్పి చూసి మళ్లీ కడుతుంది. కొన్ని సైట్లు సర్టిఫికెట్ తప్పు అని మొరాయించేది కూడా దీనివల్లే. ఆపినా దిగిన ఫైల్‌ని ఫైల్ షీల్డ్ చూస్తుంది కాబట్టి పాత యంత్రంలో దీన్ని ఆపడం ఒప్పుకోదగ్గ బేరం. ఫైల్ షీల్డ్‌నీ, బిహేవియర్ షీల్డ్‌నీ ఆపి తేలికైపోయింది అనుకోవడం మాత్రం బేరం కాదు.

కాపలా పనిచేస్తోందో లేదో చూడటానికి ఐకార్ పరీక్ష ఫైల్ ఉంది. 68 బైట్ల అక్షరాలు, ఏ హానీ చేయదు, అన్ని యాంటీవైరస్‌లూ దాన్ని వైరస్‌లా పట్టుకోవాలని ఒప్పందం. ఐకార్ సైట్ నుంచి దించబోతే అడ్డుకోవాలి. అడ్డుకోకపోతే షీల్డ్ నిద్రపోతోందన్నమాట.

రెండో కన్ను

అనుమానం వచ్చినప్పుడు మాత్రమే నడిపే స్కానర్ ఒకటి ఉంటే చాలు, దానికి రోజూ బరువు ఉండదు. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్, ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్, మాల్‌వేర్‌బైట్స్ ఉచిత ఎడిషన్ ఈ కోవలోవి. సేఫ్టీ స్కానర్ దించిన 10 రోజులకే చెల్లిపోతుంది, ప్రతిసారీ కొత్తది దించాలి. మాల్‌వేర్‌బైట్స్ వేస్తే ప్రీమియం ట్రయల్ అంటగట్టొచ్చు, అకౌంట్ అమరికల్లో దాన్ని ఆపేయండి. లేకపోతే రెండో కాపలాదారు వచ్చి కూర్చున్నట్టే. క్లామ్‌విన్ అనే ఉచిత యాంటీవైరస్ చాలా తేలికని ఎవరైనా చెబితే నిజమే, ఎందుకంటే దానికి రియల్ టైమ్ కాపలా అసలు లేదు. ఒంటరిగా దాన్నే నమ్ముకోకూడదు.

విండోస్ 7కి 2020 జనవరిలో, 8.1కి 2023 జనవరిలో, 10కి 2025 అక్టోబర్ 14న మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్‌లో ఉన్న కన్నాన్ని యాంటీవైరస్ పూడ్చలేదు. విండోస్ 10 మీద ఉన్నవాళ్లు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో (గడువు తీరాక కూడా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకంలో) చేరడం, యంత్రం తట్టుకుంటే 11కి మారడం ముందు చూడాలి. విండోస్ 7 మీదే ఉన్న 2 జీబీ యంత్రానికి తేలిక యాంటీవైరస్ వెతకడం వృథా శ్రమ, తేలికపాటి లినక్స్ వేసుకుంటే మరికొన్నేళ్లు పనికొస్తుంది.

డబ్బు కట్టి తీసుకుంటే ఆటో రెన్యూవల్ మొదటి రోజే ఆపేయండి. మొదటి ఏడాది తగ్గింపు ధర, రెండో ఏడాది పూర్తి ధర అనేది ఈ వ్యాపారంలో మామూలు పద్ధతి. గడువు తీరాక కొనసాగించకూడదనుకుంటే ప్రోగ్రామ్‌ని వెంటనే తీసేసి, రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ తనంతట తాను ఆన్ అయిందో లేదో చూడండి. కాకపోతే రియల్ టైమ్ ప్రొటెక్షన్ మీట చేత్తో నొక్కండి. అది నొక్కుడుపడకుండా బూడిదరంగులో ఉంటే పాత యాంటీవైరస్ ముక్కలు ఇంకా మిగిలాయేమో చూసి, తుడిచే పనిముట్టు మళ్లీ ఒకసారి నడపండి.